మార్చి నాటిన గుడ్లు

సముద్రాన్ని మొదటిసారి చూసిన రోజు మా అమ్మ దాన్ని తిట్టింది. చెన్నై రేవులో ఓడ ఎక్కే వరుసలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, "థూ, ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క మడి తడవది. ఎందుకు పుట్టిందో ఏమో" అంది. మా ముందున్నాయన వెనక్కి తిరిగి చూశాడు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. నాయన పోయిన తర్వాత ఆమె నోటి నుంచి అంత పొడుగు మాట రావడం అదే మొదలు.

మాది గద్వాల దగ్గర వడ్డేపల్లి వైపు ఊరు. చేను ఉంది, చేనులో ఒక బోరు ఉంది, బోరులో నీళ్ళు ఉన్నప్పుడు కరెంటు ఉండదు. ఆ రోజుల్లో మోటార్లకు కరెంటు రాత్రిపూటే ఇచ్చేవాళ్ళు. అదీ ఎప్పుడిస్తారో ఎవడికీ తెలియదు. వాకిట్లో కరెంటు బుగ్గ వెలిగిందంటే పడుకున్నవాడు పడుకున్నట్టే లేచి చేనుకు పరుగెత్తాలి. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత మా వైపు ఎంతమంది మగవాళ్ళు అలా పోయి తిరిగి రాలేదో చెప్పాలంటే ఊరికొక ఇల్లు చూపించాలి. మా ఊర్లో మా ఇల్లు చూపిస్తారు.

నాయన మిరపనారు నాటిన రోజే పోయాడు. పగలంతా నాటు వేశారు. రాత్రి కరెంటు వచ్చింది, లేచి పోయాడు, తడి కాళ్ళతో స్టార్టరు డబ్బా ముట్టుకున్నాడు. "అలవాటు కొద్దీ లేచి పోయిండు, పాపం, చేనంటే అంత పానం" అని ఊరంతా అంది. నేనూ అదే నమ్మాను. దినాలు అయ్యేదాకా ఎవరమూ చేను ముఖం చూడలేదు. తర్వాత పోయి చూస్తే, ఆయన నాటిన నారంతా సాళ్ళ వెంబడి వాలిపోయి, పట్టుకుంటే పొడి అయిపోయేట్టు ఎండి ఉంది. అమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఏడవలేదు. ఆ రోజు నుంచి మాట బంద్. తినమంటే తినేది, అనకపోతే లేదు.

నేను అప్పుడు వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. అమ్మను నా అద్దెగదికి తెచ్చుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చునేది. నేను కాలేజీకి పోయేటప్పుడు ఎలా కూర్చుందో, వచ్చేసరికి అలాగే ఉండేది. పక్కింటావిడ "మీ అమ్మకు చెముడా?" అని అడిగితే ఆమెతో తగాదా పెట్టుకున్నాను. నాకు నోరెక్కువ, ఒప్పుకుంటాను. అమ్మ నోరు మూతపడ్డ తర్వాత ఇంకా ఎక్కువైంది.

దసరా సెలవుల తర్వాత ఆ కాలేజీ తెరవనే లేదు. ఏం చేయాలో తోచక ఉన్నప్పుడు, యూనివర్సిటీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. అండమాన్ల వైపు ఒక చిన్న దీవిలో సముద్రపు తాబేళ్ళ గుడ్లను కాపాడే క్యాంపు ఉందట. జీతం లేదు, తిండీ పడకా ఉంటాయి, ఎండాకాలం ముదిరేదాకా ఉండొచ్చు. "అమ్మ నాతో వస్తేనే వస్తా" అన్నాను. క్యాంపువాళ్ళు తిరిగి ఒక్కటే అడిగారు: ఆమెకు వంట వచ్చా? మా అమ్మకు వంట వచ్చా అని అడిగినవాళ్ళను అప్పటిదాకా నేను చూడలేదు.

ఈ సంగతి తెలిసి మా మేనత్త ఆత్మకూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. "ఏడాదన్న నిండకముందే మనిషిని ఊరు దాటిస్తవా? అదీ సముద్రం! గట్ల ఎవరన్న చేస్తరా? నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురిలో ఒక్కరు వచ్చి అమ్మ పక్కన కూర్చుంటే నేను పోనే పోను. నీ ఇంట్ల పెట్టుకుంటవా అత్తా?" అన్నాను. మేనత్త టీ తాగి, కొంచెం ఏడ్చి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. పాపం, ఆమె అన్న పోయాడు, ఆమె బాధ ఆమెది.

అలా మేము దీవికి చేరాం. అమ్మ ఊరి నుంచి రెండే తెచ్చుకుంది: జొన్నపిండి మూట, కిందటేడు నాయన పండించిన మిరపకాయల కారం ఒక సీసా. క్యాంపు అంటే తాటాకు కప్పిన మూడు పాకలు, ఒక మంచినీళ్ళ బావి, కొబ్బరిచెట్ల కింద కంచె వేసిన ఇసుక జాగా. క్యాంపు పెద్ద ఒక నడివయసు మనిషి. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి వచ్చి దీవుల్లో స్థిరపడ్డాడట. ఈయన అక్కడే పుట్టాడు, కానీ భాష మాత్రం ఆ తాతదే. అమ్మను చూడగానే "రా అప్పా, ఏటి తెచ్చావు మాకోసరం?" అన్నాడు. వాళ్ళ వైపు అప్ప అంటే అక్క. అమ్మ నా వైపు తిరిగి, "కన్నడపోళ్ళకు అప్ప అంటే నాయన. ఈనేంది నన్ను నాయన అంటుండు" అంది. నేను వివరం చెబితే పెదవి కొంచెం కదిలింది. ఆ పూట నుంచి ఆయన ఆమెకు తమ్ముడు అయిపోయాడు.

మా పని ఇది. తాబేళ్ళు చీకట్లో ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంత తీసి గుడ్లు పెట్టి పోతాయి. కొన్ని అలలు తగిలేంత దగ్గరలో పెడతాయి. అవి కొట్టుకుపోతాయి, లేదా కుక్కలు తవ్వుకు తింటాయి. అలాంటివాటిని మేము తెల్లవారేలోపు తీసి, కంచెలోకి తెచ్చి, తాబేలు తీసినట్టే కుండ ఆకారంలో గుంత తీసి, అంతే లోతులో మళ్ళీ పెట్టాలి. గుడ్డు పైవైపు పైకే ఉండాలి. తిప్పకూడదు, కుదపకూడదు, ఎండ తగలకూడదు. క్యాంపు పెద్ద ఇవన్నీ మాకు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. మొదటివారం నేను తొందరలో ఒక గుడ్డు పక్కకు దొర్లించినందుకు "ఏటి సదివావమ్మా నువ్వు?" అని అందరి ముందూ కడిగేశాడు.

అమ్మ వంటపాక గడపలో నిలబడి అంతా చూసేది. ఒకరోజు పొద్దున నా పక్కకు వచ్చి కూర్చుంది. "ఇది నారు మార్చుడే గద" అంది. "జరుగు. నీ చెయ్యి మొరటు."

ఆమె చెయ్యి నిజంగా వేరు. గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి చేలల్లో ఏళ్ళ తరబడి పూలు గిల్లి, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్దిన చెయ్యి అది. పువ్వు నలగకుండా, మొగ్గ రాలకుండా. ఆ చేత్తో గుడ్డును తీసి పెడుతుంటే క్యాంపు పెద్ద కూడా తన పని ఆపి చూశాడు. "అప్పా, వంట నీ కూతురు సేస్తాది గానీ, నువ్వు ఇక్కడే ఉండు" అన్నాడు. నా వంట రెండు రోజులు తిని మళ్ళీ ఆమెను బతిమాలుకున్నారు. రెండు పనులూ ఆమే చేసింది.

ఆ కంచెను అమ్మ 'మడి' అనేది. ఒక్కో గూడు దగ్గరా పుల్ల పాతి, తన పాతచీర అంచు చింపి గుడ్డపీలిక కట్టింది. ఏది ముందు పెట్టింది, ఏది వెనక పెట్టింది, అడిగితే చూడకుండానే చెప్పేది. తినడం మొదలుపెట్టింది. అందరికీ జొన్నరొట్టెలు కొట్టి, నాయన కారం చిటికెడు చిటికెడు వేసి, "గింతే, ఇంక అడగొద్దు" అని సీసా మూత బిగించేది. ఒకనాడు నా జడ వేస్తూ ఉన్నట్టుండి, "పిల్లలు ఎల్లినంక మనం ఊరికి పోదం. చేను కౌలుకియ్యొద్దు, బిడ్డా. ఈసారి మిరప నేనే పెడత" అంది. నాకు వెనక్కి తిరిగి ఆమె ముఖం చూడాలంటే భయమేసింది, ఎక్కడ ఆ మాట వెనక్కి తీసుకుంటుందోనని. నా లోపల మాత్రం పండుగే పండుగ. ఈ గుడ్లు పిల్లలైతే చాలు, మా అమ్మ నాకు దక్కినట్టే అనుకున్నాను. దేవుడికి మొక్కని దాన్ని, తాబేళ్ళకు మొక్కాను.

అన్ని గూళ్ళనూ మార్చాల్సిన అవసరం ఉండదు. ఒక తాబేలు ఒడ్డుకు బాగా పైన, మొగలిపొదల కింద గుడ్లు పెట్టింది. అక్కడికి అల రాదు. క్యాంపు పెద్ద దాన్ని కదపలేదు, కుక్కలు తవ్వకుండా మీద తడక మాత్రం కప్పాడు. అమ్మ పోయి చూసి వచ్చింది. "అది తల్లి ఇత్తింది, ఇవి మనం నాటినయి. ఇత్తినదానికి ఏం రంది లేదు, దాని బతుకు అది బతుకుతది. నాటినదానికే సేవ" అంది. మిరపకైనా పొగాకుకైనా మా వైపు అందరూ అనే మాటే అది. నేను తల ఊపాను.

ఈలోగా బావిలో నీళ్ళు తగ్గుతున్నాయని క్యాంపు పెద్ద గొణగడం మొదలుపెట్టాడు. వాన పడి చాలా రోజులైంది, నిజమే. కానీ ఆయన అనుమానం నా మీద. "వనపర్తి పంతులమ్మ పూటకోపాలి తానం సేస్తన్నాదేటి?" అని అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. "రెండు రోజులకోసారి చేస్తున్నా, కావాలంటే వాసన చూడండి" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. అమ్మ రొట్టె తిప్పుతూ, "నీళ్ళు ఏడికి పోతయి తమ్మీ? భూమికే పోతయి గద" అంది. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చి బయటికి వచ్చాను. చీకట్లో ఒడ్డంతా తిరిగేవాళ్ళం కాబట్టి పగటిపూట అందరమూ నిద్రలో ఉండేవాళ్ళం. అమ్మ ఒక్కతే కంచె లోపల కొబ్బరాకు నీడలో కూర్చుని ఉంది, పక్కన చెంబు ఉంది. పెదవులు కదులుతున్నాయి. గుడ్లతో మాట్లాడుతోంది. చెంబులో నీళ్ళు తాగడానికి తెచ్చుకుంది అనుకున్నాను. ఆమెను కదిలించడం ఇష్టం లేక మళ్ళీ వచ్చి పడుకున్నాను.

పిల్లలు రావాల్సిన రోజులు వచ్చాయి, పోయాయి. మొదట పెట్టిన గూళ్ళ మీద ఇసుక కొంచెం కుంగాలి, అది పిల్లలు లోపల కదులుతున్న గుర్తు. ఎక్కడా కుంగలేదు. "చల్లగా ఉన్నాది కదా, ఆలిసెం అవుతాది" అని క్యాంపు పెద్ద కొన్ని రోజులు అన్నాడు. తర్వాత అనడం మానేశాడు. అమ్మ మాత్రం పొద్దున లేస్తూనే కంచె దగ్గరికి పోయేది. "వస్తరు, వస్తరు. తొందరెందుకు?" అని మాకే ధైర్యం చెప్పేది.

ఒక పొద్దున ఆయన అన్నింటికంటే ముందు పెట్టిన గూడు దగ్గర బోర్లా పడుకుని, మెల్లగా ఇసుక తీసి, లోపలికి చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా పెట్టి ఆగిపోయాడు. బయటికి తీసిన చేతికి తడి ఇసుక ముద్దలా అంటుకుని ఉంది. ఆ వెనకే వాసన వచ్చింది. నాకు ఆ వాసన తెలుసు. జంతుశాస్త్రం చదివినవాళ్ళకే కాదు, ఎవరికైనా తెలుసు.

"ఇంత తడి ఏటి ఇక్కడ?" అన్నాడు. "పైన పొడిగా ఉన్నాదే."

అమ్మ ముందుకొచ్చింది. ఆ ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేను. మెచ్చుకుంటారని ఎదురుచూసే ముఖం. "నేనే పోసిన తమ్మీ! ఒక్క పొద్దు గూడ ఎండనియ్యలే. మీరు పండుకున్నంక బాయికెళ్ళి తెచ్చి, చెంబుతోటి, తాగినంత పోసిన ఒక్కొక్కదానికి. తడి ఆరకుంట మీద పొడి ఇసుక కప్పిన. మార్చి నాటినదానికి నీళ్ళు లేకుంటే ఎట్ల?"

మెట్ట నేల మనుషులు చేసే పనే అది. మొక్క మొదట్లో నీళ్ళు పోసి, ఆ తడి ఎండకు లేచిపోకుండా మీద పొడిమన్ను కప్పుతారు. నేను చిన్నప్పుడు నాయన వెనక నడుస్తూ చేసిన పని. అందుకే మాలో ఎవరికీ తడి కనపడలేదు. గుడ్డు తిప్పొద్దని చెప్పారు, కుదపొద్దని చెప్పారు. నీళ్ళు పోయొద్దని సముద్రం పక్కన ఎవరు ఎవరికి చెబుతారు?

క్యాంపు పెద్ద ఇసుకలోనే కూర్చుని చేతికంటిన ముద్ద దులుపుకున్నాడు. తిడతాడేమో, తిడితే నేను తిరగబడదాం అని చూస్తున్నాను. ఆయన తిట్టలేదు. "అప్పా," అన్నాడు, "గుడ్డు కూడా గాలి పీలుస్తాది. తడి ఇసక ముద్దకట్టీసిందంటే దానికి ఊపిరాడదు. నాను సెప్పవలసింది. సెప్పలేదు. తప్పు నాదే."

అమ్మకు వెంటనే అర్థం కాలేదు. నా వైపు చూసింది. నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది.

ఆ రోజు గూళ్ళన్నీ తెరిచాం. "నువ్వు లోపలికి పో అమ్మా" అంటే పోలేదు. కంచెలోనే కూర్చుని, ఆయన ఒక్కొక్క గుడ్డు తీసి ఇస్తుంటే కొంగులో పట్టుకుంది. పెట్టినప్పుడు ఎంత జాగ్రత్తగా పట్టుకుందో అంతే జాగ్రత్తగా పట్టుకుంది. నల్లబడ్డవి, బూజు పట్టినవి, కొన్నింటిలో పిల్ల సగం తయారై ఆగిపోయినవి. మాతో ఉన్న ఒకమ్మాయి ఏడుస్తూ సముద్రం వైపు వెళ్ళిపోయింది. అమ్మ కొబ్బరిచెట్ల వెనక తానే గుంత తీసి అన్నింటినీ పూడ్చింది. గుడ్డపీలికలు విప్పి, అవీ అందులోనే వేసింది. ఎవరైనా ఆమెను నాలుగు మాటలంటే బాగుండును అనిపించింది నాకు. ఆమె ఎదురు మాట్లాడుతుందేమో, కనీసం ఏడుస్తుందేమో అని.

ఆమె మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక్కడ గోడ లేదు కాబట్టి పాక గుంజకు. రొట్టెలు లేవు. కారం సీసా మూత తీయలేదు. క్యాంపు పెద్ద రోజూ వచ్చి "అప్పా, ఓ ముద్ద తిను" అని పక్కన కూర్చునేవాడు. ఆయన మీద గౌరవంతో ఒక ముద్ద తినేది. ఊరికి పోదామా అంటే పలకలేదు. చేను సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు. ఆ చేను ఈనాటికీ కౌలుకే ఉంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, ఎండ తగ్గి ఇసుక చల్లబడుతున్న వేళ, క్యాంపు పెద్ద కేకేశాడు. మొగలిపొదల కింద గూడు. మేము ముట్టుకోని గూడు. ఇసుక కుంగింది. నేను అమ్మ చెయ్యి పట్టి లాగాను. "రా అమ్మా. ఒక్కసారి చూడు. నా కోసం రా" అన్నాను. బరువుగా లేచి వచ్చింది.

మేము పోయేసరికి తడక తీసేసి ఉంది. ఇసుకలోంచి ఒక నల్లని ముట్టె, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ దొర్లుతూ గుంపు గుంపు వచ్చాయి. అరచేతిలో పట్టేంత పిల్లలు. కాసేపు అలిసిపోయినట్టు ఆగి, మళ్ళీ చేతులు విదిలించుకుంటూ నీళ్ళ వైపు పాకాయి. అందరూ నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. క్యాంపు పెద్ద కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను పిల్లలను చూడలేదు, అమ్మను చూస్తున్నాను. ఆమె కూర్చుని, తన పాదం పక్క నుంచి పోతున్న ఒక పిల్లకు దారి ఇస్తూ కాలు వెనక్కి తీసుకుంది.

"దీనికి ఎవరన్న నీళ్ళు పోసిన్రా?" అని అడిగింది.

"లేదమ్మా. ఎవ్వరమూ ముట్టుకోలేదు."

"ఎవ్వరు ముట్టకుంటే బతికినయి" అంది.

ఊరికే అంటోంది అనుకున్నాను. ఆమె భుజం మీద చెయ్యి వేసి, పోనీలే అమ్మా, నువ్వు కావాలని చేసింది కాదు కదా అన్నాను. ఆమె నా మాట విన్నట్టు లేదు. నీళ్ళ వైపే చూస్తూ మాట్లాడింది.

"మీ నాయనకు ఆ పొద్దు జెరం ఉండె. కరెంటొచ్చింది. తెల్లారి నీళ్ళు పెడతలే అని ముసుగు తన్నిండు. పొద్దుగాల నాటిన నారు, నీళ్ళు లేకుంటే సస్తది, లెవ్వు అన్న. లెవ్వలే. దుప్పటి గుంజి లేపిన, బిడ్డా. నేనే లేపిన."

ఊరంతా మా వాకిట్లో కూర్చుని, అలవాటు కొద్దీ లేచి పోయిండని అంటుంటే, ఆమె అన్ని రోజులూ వింటూ కూర్చుంది.